కాయ పడే చోటు

తాతిరాజు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు వేసుకునేవారు. ఆ చెప్పులు ఎటు నడిస్తే అటు నడవడమే అడిగినవాడి పని. ఒకసారి అరటితోటలోకి, ఒకసారి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల వాకిట్లోకి, ఇంకోసారి పడవలోకి. అక్కడ ఏదో ఒకటి జరిగేది. జరగకపోతే ఇద్దరూ ఊరికే తిరిగొచ్చి కాఫీ తాగేవారు. "అదేంటి మాస్టారూ, మీరేం చెప్పలేదు?" అంటే, "ఇంకా అవలేదయ్యా" అనేవారు. కొందరికి అలా ఏళ్ల తరబడి అవలేదు. వాళ్లు మాత్రం కాఫీకి వస్తూనే ఉండేవారు.

ఆయన చాలాకాలం పట్నంలో కాలేజీ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి, ఉద్యోగం అయిపోయాక గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఒక లంకలో జామతోట వేసుకుని కూర్చున్నారు. తన దగ్గరికి వచ్చేవాళ్లని శిష్యులని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ మాట వాళ్లే తగిలించుకున్నారు. చీమలు వరసగా ఎందుకు నడుస్తాయన్న దగ్గర్నుంచి చచ్చిపోయాక ఏమవుతామన్నదాకా ఏది అడిగినా ఆయనకి ఒకటే, చెప్పులు వేసుకోవడమే.

ఆ శిష్యుల్లో నాగసూరి అని ఒకడు. నలభై దాటినవాడు, లంకలో మోటార్లు చుట్టే పని అతనిది. పనిమంతుడే గానీ చెయ్యి ఊరుకోదు. వాళ్లావిడ పిండి రుబ్బుకునే మోటారు ఒకసారి విప్పి, దాంతో నెమలి పింఛంలాగా నీళ్లు చిమ్మే యంత్రం చేశాడు. చూడ్డానికి ఎంతో బాగుండేది. ఆ ఇంట్లో ఇడ్లీలు తిని చాలాకాలమైంది. అటువంటివాడు ఆ ఏడు వానాకాలంలో ఒక గాలిగొట్టం తయారుచేశాడు. కింద గాలి బిగించే తొట్టి, దానిమీద మనిషెత్తు పొడుగు గొట్టం, మధ్యలో ఒక మీట. కాలితో తొక్కే పంపుతో తొట్టిలోకి గాలి కొట్టి, గొట్టంలో పచ్చి జామకాయ దిగేసి, మీట తిప్పితే చాలు, కాయ ఆకాశంలోకి ఎగిరిపోయేది. లంకలోవాళ్లు దానికి నాగసూరి ఫిరంగి అని పేరు పెట్టారు. వెక్కిరింతగానే పెట్టారు గానీ, అతనికి మహా నచ్చింది.

మొదట దాన్ని నీళ్ల పైపులతో కట్టాడు. మాస్టారికి చూపిద్దామని తోటకి మోసుకొచ్చి గాలి కొడుతుంటే, ఆయన ఏమీ అనకుండా వెళ్లి ఒక లావుపాటి చెట్టు వెనక నిలబడి, అక్కణ్ణుంచే, "బాగుందయ్యా, చాలా బాగుంది" అన్నారు. నాగసూరి ఆ రాత్రంతా ఆలోచించి, నీళ్లకోసం పుట్టిన ప్లాస్టిక్ గొట్టంలో గాలి బిగిస్తే పగిలినప్పుడు పెంకులు పెంకులుగా ఎగిరి మొహాన తగులుతుందని తనే కనిపెట్టి, మర్నాడు తొట్టినీ గొట్టాన్నీ కూడా మందపాటి ఇనుముతో మార్చేశాడు. ఈసారి మాస్టారు చెట్టు వెనక్కి వెళ్లలేదు. కాస్త దూరంగా మాత్రం నిలబడ్డారు.

భాద్రపదంలో గోదారి రెండొడ్లూ ఒరుసుకుని పారుతున్నప్పుడు, మాస్టారి తోట గట్టుమీద నుంచి మొదటి కాయ వదిలాడు. ఆ క్షణం అతను బతికినన్నాళ్లూ మరిచిపోలేడు. ధబ్బుమని ఒక చప్పుడు. కాయ ఆకుపచ్చగా పైకి లేచి, చిన్నదై, ఇంకా చిన్నదై, మబ్బులో కలిసిపోయింది. ఇక లేదు. అతను నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండగా, ఎంతో సేపటికి, ఎక్కడో నడిపాయలో ఎర్రటి నీళ్లలో తెల్లగా ఒక పువ్వు విచ్చుకుని మాయమైంది. చప్పుడు కూడా వినిపించలేదు. ఆ కాయతో పాటు తనే ఎగిరి తనే దిగినట్టయింది నాగసూరికి. ఆ తరవాత చాలా రాత్రులు అతనికి అదే కల. బరువు లేకుండా పైకి లేవడం, లంక అరచేతిలో ఆకంత అయిపోవడం, కిందెక్కడో ఒక తెల్లపువ్వు.

వరద తీసింది, కార్తికం వచ్చింది. ఏటా మాస్టారి తోటలోనే లంకవాళ్లందరూ కలిసి వనభోజనాలు చేస్తారు. ఆ ఆదివారం ఊరందరి ఎదుటా ఫిరంగి పేలుస్తానని నాగసూరి అందరికీ చెప్పేశాడు. పెద్దవాళ్లు ఒకరిద్దరు, "ఎవరికైనా తగిలితేనో?" అన్నారు. అతను నవ్వేశాడు. నవ్వేశాడు గానీ ఆ మాట పళ్లలో ఇరుక్కున్న పీచులా పోలేదు. శుక్రవారం పొద్దున్నే మాస్టారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, ఒక సంగతి అడగాలండి."

ఆయన కళ్లు చెప్పుల వైపు వెళ్లాయి.

"కాయ గొట్టంలోంచి వెళ్లేటప్పుడు మహా జోరుగా వెళ్తుంది, నిజమేనండి. కానీ మీరే ఒకసారి చెప్పారు కదండీ, వేగం రెట్టింపైతే గాలి నాలుగింతలు అడ్డుపడుతుందని. అంటే మనం ఎంత గట్టిగా వదిలితే గాలి అంత గట్టిగా పట్టుకుంటుందన్నమాటే కదండీ? మరి నడిపాయకి వెళ్లేసరికి దానికి ఇంకేం ఊపు మిగులుతుందండీ? పడేచోట మనిషున్నా పువ్వు తగిలినట్టే కదండీ?"

గట్టుమీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న పడవ లోవరాజు తలెత్తి చూశాడు. మాస్టారు చెప్పులు వేసుకున్నారు. నాగసూరి కూడా లేచాడు గానీ, ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. నాలుగడుగులు వేసి, గట్టుమీదే ఉంచిన ఫిరంగి పక్కన నిలబడి, "అయితే పడేచోట నువ్వే కూర్చో నాగసూరీ. ఇక్కణ్ణుంచి నేను వదులుతాను" అన్నారు.

నాగసూరి ఇనప గొట్టాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. అయితేనేం, వెనక్కి తగ్గితే తన లెక్క మీద తనకే నమ్మకం లేనట్టు. అందులోనూ లోవరాజు చూస్తున్నాడు. లంకలో లోవరాజు చూశాడంటే సాయంత్రానికి ఊరంతా చూసినట్టే.

"అలాగేనండి. చోటు నాకు బాగా గుర్తు. నేను చూసుకుని సరిగ్గా కూర్చున్నాక ఈ తువ్వాలు ఎత్తుతాను. ఎత్తగానే మీట తిప్పేయండి" అన్నాడు భుజం మీద ఎర్ర తువ్వాలు తడుముకుంటూ.

లోవరాజు పకపకా నవ్వాడు. "తువ్వాలెత్తితే నేను పడవేసుకుని వచ్చేత్తానేమో నాగసూరిగారూ! ఇసకలోంచి గుడ్డ లేచిందంటే నా చెయ్యి గెడ మీదికి దానంతటదే ఎల్లిపోద్ది." ఆ గోదారి మీద అంతే. అరిస్తే గాలి మింగేస్తుంది కాబట్టి, ఇసకతిప్పల మీద ఉన్నవాళ్లకి పడవ కావాలంటే ఏదో ఒక గుడ్డ ఎత్తి ఊపుతారు. లంకలో పుట్టినవాళ్లకి మాటకంటే ముందు వచ్చే విద్య అది. నాగసూరికి సైగ అంటే తువ్వాలే తట్టడం కూడా అందుకే.

"ఇవాళ్టికి నువ్వు రాకు. ఇవాళ తువ్వాలంటే ఫిరంగి" అన్నాడు నాగసూరి.

"సరే. ఎత్తితే వదలాలి. ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు మాస్టారు.

"ఇంకేముంటుందండీ?"

"ఆలోచించుకో."

"ఇంకేం లేదండి. ఎత్తుతాను, వదిలెయ్యండి. అంతే."

మాస్టారు లోపలికి వెళ్లి తన స్కూటరు హెల్మెట్ తెచ్చి అతని చేతిలో పెట్టారు. "ఎందుకండీ, పువ్వే కదా" అన్నాడు నాగసూరి. "పువ్వేనయ్యా. అయినా పెట్టుకో" అన్నారాయన. అతను దాన్ని నెత్తిన పెట్టుకోకుండా చంకలో ఇరికించుకుని పడవెక్కాడు.

పొద్దెక్కుతున్నా మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నీళ్లమీద పాలపొగలా తేలుతోంది. లోవరాజు గెడ వేస్తుంటే నీళ్లు కదిలిన చప్పుడు తప్ప లోకంలో ఇంకే చప్పుడూ లేదు. నాగసూరి కళ్లు అరమోడ్చి తన కలలోకి జారుకోబోతున్నాడు. ఇంతలో పడవ అడుగు బరుకుమంది.

"అప్పుడే దిగడమేంటి? ఇంకా సగం దూరమే కదా వచ్చాం!"

"వరద తీసేసింది కదండీ. మొన్న నడిగోదారి, ఇయ్యాల ఒడ్డు" అని లోవరాజు అతన్ని దింపి, పడవ తిప్పుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

కొత్తగా లేచిన తిప్ప అది. ఇసకమీద నీళ్ల అలలు ఇంకా ముద్రపడి ఉన్నాయి. ఎటు చూసినా రెల్లు పూసి, తెల్లటి కుచ్చులు నిదానంగా ఊగుతున్నాయి. కొంగలు అతన్ని చూసి కూడా ఎగరలేదు, ఓ అడుగు పక్కకి వేశాయి అంతే. నడుస్తుంటే తన కాళ్లకింద నేల ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది. రెండు నెలల కిందట ఇదంతా నీళ్ల అడుగున ఉండేదని గుర్తొచ్చి, తను గోదారి అడుగున నడుస్తున్నట్టు, నెత్తిమీద ఎక్కడో పడవలు పోతున్నట్టు అనిపించింది. హాయిగానే ఉంది. ఇలాంటి చోట కూర్చుంటే పైనుంచి రాయి పడ్డా పువ్వే అనుకున్నాడు.

చోటు గుర్తుపట్టడం అతనికి చిటికెలో పని. అవతల గట్టుమీద మాస్టారి పంపుషెడ్డు వెనక రెండు తాడిచెట్లున్నాయి. ఆ రెండూ ఒకటైపోయి షెడ్డు నెత్తిన కనబడే వరసలోనే ఆనాడు కాయ పడింది. నాగసూరి అవతలి గట్టు చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. తాడిచెట్లు ఒకదానివెనక ఒకటి చేరుతున్నాయి. ఇంకొంచెం. ఇంకొంచెం. రెల్లు వీపుకి తగిలింది. మోచేత్తో తోసుకుంటూ ఇంకో రెండడుగులు వేశాడు. చెట్లు కలిసిపోయాయి. ఇదే చోటు అనుకుని భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరిగాడు.

రెల్లు వెనక కొత్తగా వేసిన తాటాకు పాక ఉంది. దాని ముందు ఇసకలో వరసగా గుంటలు, ఒక్కొక్క గుంటలో రెండేసి ఆకుల దోసమొలక. పాక వాసానికి చీర ఉయ్యాల. అందులో నెలలపిల్ల ఒకతి పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది.

వరద తీసిన తిప్పల మీద దోసపాదులు పెట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ వచ్చి పాకలు వేసుకుంటారు. ఈ సంగతి అతనికి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. తెలిసి కూడా, కాయ పడే చోటంటే అతని మనసులో నీళ్లే కదిలాయి. గోదారిలో నేల లేస్తే దాని మీదికి మనుషులొస్తారని మరిచిపోయిన లంకవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు!

మొదట వచ్చిన ఆలోచన అవతలి గట్టుకి వద్దని చెప్పాలని. చెయ్యి సగం లేచింది. చేతిలో ఎర్ర తువ్వాలు. పాముని ముట్టుకున్నవాడిలా గబుక్కున చెయ్యి కిందికి దించేశాడు. అటు చూస్తే మంచులో మాస్టారు వేలెడంత మనిషిగా, ఫిరంగి పక్కన కదలకుండా నిలబడి ఉన్నారు. వదలమని చెప్పడానికి సైగ ఉంది. వద్దని చెప్పడానికి ఏం చెయ్యాలి? చెయ్యి ఊపితే తువ్వాలనుకుంటారు. అరిస్తే వినబడదు. ఇంకేమైనా చెప్పాలా అని ఆయన అడిగారు, ఆలోచించుకోమని కూడా అన్నారు. తను కాదా ఇంకేం లేదన్నది!

సరే, ఎత్తకపోతే సరిపోతుంది. ఎంతసేపైనా ఎత్తకుండా కూర్చుంటే ఆయనే పడవ పంపిస్తారు. నాగసూరి తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, రెల్లు దాటి ఇవతలికి వచ్చి, చేతులు రెండూ మోకాళ్లకింద దాచుకుని, ఇసకలో చతికిలబడ్డాడు. మొహాన ఈగ వాలినా తోలుకోలేదు. మంచు కరుగుతోంది. ఎండ ముదిరే కొద్దీ గట్టు, షెడ్డు, మాస్టారు అన్నీ నీళ్లమీద తేలుతున్నట్టు వణుకుతున్నాయి. ఇదంతా ఇందాకటి కలే అయితే ఎంత బాగుండునని అతనికి అనిపించింది.

"ఎవరండీ అదీ?"

నీళ్ల కావిడి భుజాన వేసుకుని ఒకావిడ రెల్లులోంచి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. పేరు వీరవేణి. నాలుగు రోజులే అయిందిట పాక వేసుకుని, వాళ్లాయన ఎరువుకోసం రేవుకి వెళ్లాడట. ఇవన్నీ అడక్కుండానే చెప్పేసింది. తిప్పమీద మనిషి మొహం చూడక మాటలు ఆగిపోయి ఉన్నాయి పాపం. చెబుతూ చెబుతూ అతని పక్కనున్న హెల్మెట్ చూసింది.

"బండెక్కడ పెట్టారు అన్నయ్యగారూ?"

"బండి లేదమ్మా."

"మరి ఇదేంటండీ?"

నాగసూరి దాన్ని మోకాలితో పక్కకి నెట్టాడు. చెప్పెయ్యొచ్చు. నీ పిల్లని తీసుకుని కాస్త అవతలికి వెళ్లమ్మా, నేనిలాంటి పని పెట్టుకుని వచ్చాను అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ ఆ ముక్క ఎలా అంటాడు? నీ ఉయ్యాలున్న చోటికి ఫిరంగి గురిపెట్టించి, ఎలా తగులుతుందో చూద్దామని వచ్చానని ఒక తల్లితో ఏ నోటితో చెబుతాడు? ఎలాగూ తువ్వాలు ఎత్తను కదా, చెప్పడం ఎందుకనుకున్నాడు.

"ఏం లేదమ్మా. ఊరికే కూర్చున్నాను" అన్నాడు.

వీరవేణి అతన్ని ఎగాదిగా చూసింది. పడవ లేదు. బండి లేదు. మొహం పాలిపోయి ఉంది, చేతులు మోకాళ్లకింద ముడుచుకుని ఉన్నాడు. పాపం వణుకుతున్నాడు కూడా. ఆవిడకి జాలేసింది.

"అయ్యో, వంట్లో బాలేదా అన్నయ్యగారూ? పడవ కోసం కూర్చున్నారా? చెప్పరేంటి మరీ మొహమాటం! ఇలా కూర్చుంటే లోవరాజుబాబాయికి ఎలా తెలుస్తాది?" అంటూనే, అతను అవునో కాదో అనేలోపల, అతని భుజం మీది ఎర్ర తువ్వాలు లాగి, రెండు చేతులా ఎత్తి, ఆ గట్టు వైపు బారుగా ఊపింది.

"వద్దూ!" అన్నాడు నాగసూరి.

అవతలి గట్టుమీద ధబ్బుమంది.

అతను ఎలా లేచాడో అతనికే తెలియదు. రెల్లు చీల్చుకుంటూ, దోసమొలకలు తొక్కుకుంటూ పరిగెత్తాడు. ఉయ్యాల దగ్గరికి వచ్చి, పిల్లని తీసే తీరిక లేక, చీర రెండు అంచులూ పట్టుకుని, పిల్లమీద గొడుగులా వంగిపోయాడు. హెల్మెట్ ఇసకలోనే ఉండిపోయింది.

ఇక రావాలి.

చప్పుడు ముందు వస్తుంది, కాయ వెనక వస్తుంది. ఆ మధ్య ఉన్న కాసింత కాలం గట్టుమీద నిలబడి చూసిన రోజున అతనికి ఎంతో అందంగా ఉండింది. ఇప్పుడు దాని లోపల ఉన్నాడు. ఇప్పుడు కాయ లేస్తూ ఉంటుంది. ఇప్పుడు మబ్బులో కలిసి ఉంటుంది. ఇప్పుడు ఆ పైన ఒక్క రెప్పపాటు ఆగి, మొహం ఇటు తిప్పి ఉంటుంది. ఎప్పుడెక్కడ ఉంటుందో అతనికి బాగా తెలుసు, లెక్క వచ్చినవాడికే ఆ భయం ఎక్కువ. గాలి పట్టుకుంటుందిగా, గాలి పట్టుకుంటుందిగా అని తనకి తాను చెప్పుకోబోయాడు. ఒక వైశాఖంలో వడగళ్లు పడిన రోజు గుర్తొచ్చింది. అవీ గాలిలోంచే వచ్చాయి. ఎంతో ఎత్తునుంచి, దారిపొడుగునా గాలి పట్టుకుంటూనే ఉండగా వచ్చాయి. అయినా తెల్లారి చూస్తే అరటితోటలో ఒక్క ఆకు నిండుగా లేదు, పెంకుటిళ్ల మీద చిల్లులు. గాలి వాటి ఊపు తగ్గించలేదని కాదు. తగ్గించగా మిగిలిన ఊపే అది!

వీపు రాయిలా బిగుసుకుంది. కింద పిల్ల ఊపిరి అతని మెడకి వెచ్చగా తగులుతోంది. పాలవాసన. తన వీపు చాలదేమో, పిల్ల పాదం ఒకటి బయటికి ఉందేమో అని భయం వేసి, ఆ పాదాన్ని అరచేత్తో మూశాడు. రావాల్సింది రాలేదు. రెల్లు ఊగుతోంది. కొంగ ఒకటి ఎక్కడో రెక్కలు దులుపుకుంది. ఇంకా రాలేదు. అంత పొడుగు కాలం అతను బతుకులో ఎప్పుడూ చూడలేదు. ఇంకా రాలేదు. గోదారి తన మానాన తను పారుతోంది.

"ఏయ్! నా పిల్లనేం చేస్తున్నావ్?"

అన్నయ్యగారు కాస్తా ఏయ్ అయిపోయింది. వీరవేణి పరిగెత్తుకొచ్చి అతన్ని రెక్క పట్టుకుని అవతలికి లాగేసి, పిల్లని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. పిల్ల నిద్రలేచి కెవ్వుమంది. నాగసూరి ఇసకలో కూలబడి ఆకాశంలోకి చూస్తూనే ఉన్నాడు. అక్కడ ఏమీ లేదు. తెల్లగా, మెత్తగా, శుభ్రంగా ఉంది. అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. నలభై దాటిన మగాడు అలా ఏడుస్తుంటే ఆ తల్లికి కోపం సగంలో ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు. అన్నీ చెప్పాడు, ఏదీ దాచుకోలేదు. ఫిరంగి, వరద రోజు పడిన కాయ, ఆదివారం వనభోజనాలు, తువ్వాలు సైగ, ఇందాక చెప్పలేక ఊరికే కూర్చున్నానన్న అబద్ధం, అన్నీ. వీరవేణి వింటూ వింటూ పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. చేతిలో ఇంకా ఆ తువ్వాలు ఉంది. దాన్ని నిప్పుని చూసినట్టు చూసి, కింద పారేసింది.

"నా చేత్తో ఊపించావు కదయ్యా" అంది. తిట్టినా బాగుండేదనిపించింది నాగసూరికి.

లోవరాజు పడవ ఒడ్డుకి వచ్చింది. మాస్టారు పంచె పైకి దోపుకుని దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. తొక్కేసిన మొలకలు చూశారు, ఉయ్యాల చూశారు, ఇసకలో కూర్చున్న శిష్యుణ్ణి చూశారు. తొట్టిలో ఆయన నాలుగు తొక్కులు గాలి మాత్రం కొట్టారట, గొట్టంలో కాయ పెట్టనే లేదట. ఆ మాట లోవరాజే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"కాయ లేదాండీ?" అన్నాడు నాగసూరి. కోపం, సంతోషం ఒకేసారి వచ్చాయి. "లేదని నాకు ముందే చెప్పుంటే ఏం పోయేదండీ! ఇక్కడ నా పై ప్రాణాలు పైనే పోయాయి."

మాస్టారు వంగి, వేళ్లతో ఒక దోసమొలకని నిలబెట్టి, దాని మొదట్లో ఇసక ఒత్తుతున్నారు. పక్కనున్న ఇంకో మొలకని నాగసూరి కూడా నిలబెట్టబోయాడు గానీ, అది నిలబడలేదు.

వీరవేణి కాసేపు ఇద్దర్నీ చూసింది. పిల్ల ఏడుపు ఆపి ఎక్కిళ్లు పెడుతోంది. ఆవిడ పెద్దాయన దగ్గరికి వచ్చి, పిల్ల తలమీద చెయ్యి వేసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అయ్యగారూ, మీరు చదువుకున్నవారు. ఆ గొట్టంలో నిజంగా కాయుంటే, ఇక్కడికొచ్చేసరికి దాని ఊపంతా పోయి ఉండేదాండీ? నా పిల్లకేం అయ్యేది కాదాండీ?"

మాస్టారు చేతులకంటిన ఇసక దులుపుకుని లేచి నిలబడి, నాగసూరి వైపు తిరిగారు.

"అడుగుతున్నది ఆవిడ. లెక్క వచ్చినవాడివి నువ్వు. చెప్పు నాయనా" అన్నారు.